ఎప్పటి నుంచో చెప్పాం, ఎప్పటి వరకో చెప్పలేదు: ఒక మొండి టీబీ కేసు

2022 ఆగస్టు రెండో వారంలో మా వార్డుకు ఒక అమ్మాయి వచ్చింది. వయసు 24, బరువు 37 కిలోలు, మూడేళ్ల పాప ఉంది, భర్త ట్రాక్టర్ తోలతాడు, పల్నాడు వైపు మిర్చి పండే ఊరు. జబ్బు మందులకు లొంగని టీబీ, జనం మొండి టీబీ అనేది. నేను అక్కడ కౌన్సెలర్‌ని. మందులు రాసేది డాక్టర్లు, ఆ మందులు నెలల తరబడి మింగే ఓపిక మనిషిలో పోకుండా చూడటం నా పని. చికిత్స పూర్తయ్యాక ఈ కేసు రాయొచ్చా అని ఆమెను అడిగితే, "పేరు, ఊరు లేకుండా రాయండి మేడమ్, మా అత్త గురించి మాత్రం చెడ్డగా రాయొద్దు" అంది. ఈ రెండో షరతు మొదటి నెలలో పెట్టి ఉంటే నాకు అస్సలు అర్థమయ్యేది కాదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఇది ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. రోగిని వెలివేసినట్టు చూస్తున్నారని ఆ ఇంటికి వెళ్లాం. తీరా చూస్తే ఆ వెలిలో పెద్ద భాగం మేం చెప్పి పంపిన మాటల నుంచే వచ్చింది.

నెమ్ము అన్నారు

దగ్గు జూన్‌లో మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సిరప్పులు, యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇస్తూ రెండు నెలలు గడిపాడు, నెమ్ము చేసిందన్నాడు. మా వైపు టీబీ అని తేలిన తర్వాత కూడా చుట్టాలకు, ఇరుగుపొరుగుకు నెమ్ము అనే చెప్పుకుంటారు. కొత్తగా చేరిన స్టాఫ్ ఎవరైనా "నెమ్ము అని ఎందుకు దాస్తారు, టీబీ అని ధైర్యంగా చెప్పండి" అంటుంటే నేను ఆపుతాను. ఊరికి ఏ పేరు చెప్పుకోవాలో వాళ్ల ఇష్టం. ఇంట్లో వాళ్లకు అసలు పేరు తెలియాలి, పక్కన ఉండేవాళ్లకు పరీక్షలు జరగాలి, మనకు కావాల్సింది అంతే.

బరువు తగ్గిపోయి, కళ్లెలో రక్తం జీర కనపడ్డాక గవర్నమెంటు ఆసుపత్రికి పోతే ట్రూనాట్ పరీక్షలో టీబీ ఉందని, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగడం లేదని తేలింది. ఆమె అంతకు ముందు జన్మలో టీబీ మందు మింగలేదు. మొండి టీబీ అనగానే "మందులు మధ్యలో మానేసి ముదరబెట్టుకుంది" అనే నింద రోగి నెత్తిన పడుతుంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. మందుకు లొంగని క్రిమి ఇంకొకరి దగ్గు నుంచి నేరుగా కూడా వస్తుంది. ఆటోలోనో, కళ్లంలోనో, ఎవరి దగ్గర గాలి పీల్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే డాక్టరుగారి నోటితో రెండు కుటుంబాల ముందు చెప్పించి ఉంటే తర్వాత జరిగిన గొడవలో సగం తగ్గేది. చెప్పించలేదు. వారం తిరగకముందే అత్తింటి వైపు నుంచి "పుట్టింట్లోనే ఉంది ఈ జబ్బు, దాచిపెట్టి అంటగట్టారు" అనే మాట బయల్దేరింది. పెళ్లయి అప్పటికి ఐదేళ్లు.

బెడాక్విలిన్ అనే మందు మొదలుపెట్టేటప్పుడు గుండెకు ఇబ్బంది రాకుండా ఈసీజీ చూసుకోవాలి కాబట్టి కొన్ని రోజులు వార్డులో ఉంచారు. దాంతోపాటు లీవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, క్లోఫాజిమిన్, సైక్లోసెరిన్. రోజూ గుప్పెడు మాత్రలు, 18 నుంచి 20 నెలలు. డిశ్చార్జి రోజు నాకు దొరికింది పదిహేను నిమిషాలు. పక్క బెడ్ వాళ్లు వింటుండగా, భర్త బస్సు టైము అని వాచీ చూసుకుంటుండగా మాట్లాడాను. మాస్కు పెట్టుకోమన్నాను, గాలి వెలుతురు వచ్చే చోట విడిగా పడుకోమన్నాను, పాపను కొన్నాళ్లు దూరంగా ఉంచమన్నాను. వార్డులో ఇంకెవరో "అన్నీ వేరుగా పెట్టండి" అని కూడా అన్నారట. ఆ 'అన్నీ' ఎంత దూరం పోతుందో, ఆ 'కొన్నాళ్లు' ఎన్నాళ్లో ఎవరం చెప్పలేదు.

మొదటిసారి ఆ ఇంటికి

సెప్టెంబరు చివర్లో వెళ్లాం. పక్కన టీబీ అని పెద్ద అక్షరాలున్న బండి నేరుగా వాళ్ల గుమ్మం ముందు ఆగింది. అప్పటిదాకా ఊరికి నెమ్మే. మేం వెళ్లిన పది నిమిషాల్లో ఎదురింటి అరుగు మీదకు నలుగురు చేరారు. నేను అది గమనించాను కానీ అప్పుడు పట్టించుకోలేదు.

ఆమెను ఇంటి పక్క వసారాలో ఉంచారు. నులకమంచం, చిన్న ఫ్యాను, బిందె. గోడవారగా కంచం, గ్లాసు, గిన్నె విడిగా. ఆ కంచం పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన సామానులోది, దాని మీద ఆమె పేరు చెక్కి ఉంది. మా ఇళ్లలో స్టీలు సామాను మీద పేర్లు చెక్కించుకుంటాం కదా, ఇచ్చిన పిల్ల పేరు ఆ ఇంటి వంటగదిలో ఉండాలని. ఆ కంచం ఒక్కటే వంటగది దాటి బయటికొచ్చింది. అత్త అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్తుంది, ఈమె వచ్చి తీసుకుంటుంది, తను కడుక్కుని తనే బోర్లిస్తుంది. పాప నానమ్మ చంకలో ఉండి అమ్మ వైపు చేతులు చాస్తుంటే ఆమె మొహం తిప్పుకుని కూర్చుంది. ఎందుకు చూడటం లేదని అడిగితే "చూస్తే అది ఏడుస్తది మేడమ్" అంది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో నేను చేసిన పని ఏమిటంటే ఆమె గ్లాసు తీసుకుని, ఆమె బిందెలోవే నీళ్లు ముంచుకుని, అందరూ చూస్తుండగా తాగాను. ఇలా తాగితే టీబీ రాదు, టీబీ దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది, కంచాలు గ్లాసుల ద్వారా రాదు అని చెప్పాను. చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. తర్వాత ఆశా కార్యకర్త నాకు చెప్పింది, మేం వచ్చేశాక అత్త అన్న మాట: "ఆమె ఉద్యోగం అది, తాగుద్ది. జీతం వస్తది. రేపు నా మనవరాలికి వస్తే ఆమె వచ్చి చూస్తదా?"

ఈ మాట నేను చాలా రోజులు మోశాను. మా శిక్షణల్లో ఇలా రోగి గ్లాసుతో తాగి చూపించడం మంచి పద్ధతిగా చెప్పుకుంటాం. అది మన ధైర్యాన్ని చూపిస్తుందే కానీ ఎదుటి మనిషి భయానికి జవాబు చెప్పదు. పైగా అత్తను నలుగురి ముందు తప్పు చేసినదాన్ని చేసి నిలబెట్టినట్టయింది.

ఆ రోజు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగాను, దిగులు ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27, ఎంత ఎక్కువ వస్తే దిగులు అంత ఎక్కువ. ఆమెకు 14 వచ్చింది. ఇంటి పరిస్థితి వల్ల దిగులు అని ఫైల్లో రాశాను.

అక్టోబరు

ఈ నెల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా వైపు నుంచి పెద్ద పొరపాటు జరిగింది ఇక్కడే.

ప్రతి వారం ఫోన్ చేసేదాన్ని. నిద్ర రావడం లేదంది, ఎవరితో మాట్లాడాలన్నా విసుగంది, వసారాలో ఒక్కదాన్నే ఉండి ఉండి పిచ్చెక్కుతోందంది. నాకు అన్నీ సరిపోయాయి. మనిషిని వసారాలో పెట్టి, బిడ్డను తీసేసుకుంటే ఎవరికైనా దిగులే కదా. అందుకని నేను ఇంటి గురించే మాట్లాడాను, ఓర్చుకోవడం గురించి, పాపతో దూరం నుంచే పాటలు, కబుర్లు పెట్టుకోవడం గురించి. నెల మధ్యలో చెకప్‌కు వచ్చినప్పుడు మళ్లీ కొలిస్తే 19 ఉంది. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగింది. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగాను. ఇలా నేరుగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు, అవ్వదు, అడగకపోతేనే ప్రమాదం. కాసేపు చీర కొంగు మెలిపెడుతూ కూర్చుని, "పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటయ్ మేడమ్, నా మంచం పక్కనే" అంది.

మిర్చి వేసే ఇల్లు. మిర్చికి ఎన్నిసార్లు మందు కొడతారో ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. డబ్బాలు పెట్టే చోటు, మనిషిని పెట్టిన చోటు ఒకటే అయింది. నేను ఆ ఇంటికి వెళ్లాను, ఆ వసారాలో కూర్చున్నాను, గ్లాసు చూశాను, కంచం చూశాను, డబ్బాలు చూడలేదు.

మీ ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్పాలి, ఎవరికి చెప్పమంటావని అడిగాను. భర్త పేరు చెప్తుందనుకున్నా. "మా అత్తకు చెప్పండి" అంది. "ఆయన మంచోడే, కానీ విని ఊరుకుంటాడు. మా అత్త అయితే ఏదో ఒకటి చేస్తది."

అదే మధ్యాహ్నం అత్తకు ఫోన్ చేశాను. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పకముందే ఆమె "ఉండమ్మా" అని ఫోన్ పక్కన పెట్టింది. వినపడుతోంది నాకు, డబ్బాల చప్పుడు, ఎవరినో కేకేసి పిలవడం. పావుగంట తర్వాత తనే మళ్లీ చేసింది. అన్నీ మరిది ఇంటి కొట్టంలో పెట్టించి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుందట. ఆ రాత్రి నుంచి తను కూడా వసారాకు ఎదురుగా మంచం వాల్చుకుని పడుకుంది, కోడలు బయటికి లేచినా తెలిసేటట్టు. నేను ఇన్నాళ్లుగా ఏ మనిషిని ఈ కేసులో అడ్డంకి అనుకున్నానో, ప్రాణం మీదకు వచ్చేసరికి గంటలో కదిలింది ఆ మనిషే.

ఆమెను రెండు రోజులకోసారి మాట్లాడిస్తూ వచ్చాను. రాత్రి పూట భరించలేనట్టు అనిపిస్తే చేయమని టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చాను, అది అప్పుడే, 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. ఒకసారి ఆమె చేసింది కూడా.

నవంబరు మొదటి వారంలో ఫోన్‌లో మామూలుగా చెప్తున్నట్టే ఒక మాట చెప్పింది. తెల్లవారుజామున ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినపడుతోందని, లేచి చూస్తే ఎవరూ ఉండటం లేదని. అప్పుడు వెలిగింది నాకు. సైక్లోసెరిన్. దిగులు, నిద్రలేమి, భ్రమలు, కొందరిలో ఫిట్స్, ఇవన్నీ ఆ మందు తెచ్చిపెట్టగలదు, ఇది మాకు శిక్షణలో మొదటి రోజు చెప్పే సంగతి. ఇంట్లో కనపడుతున్న అన్యాయం నా కళ్లకు ఎంత పెద్దగా కనిపించిందంటే దాని వెనక ఉన్న మాత్ర కనపడలేదు. మర్నాడే పిలిపించాం. సైకియాట్రిస్ట్ చూశారు, డాక్టర్ల కమిటీ సైక్లోసెరిన్ ఆపి వేరే మందు ఇచ్చింది. పది రోజుల్లో పిలుపులు ఆగిపోయాయి, నిద్ర పట్టింది. డిసెంబరు మొదట్లో కొలిస్తే 11.

19 నుంచి 11కి దిగిందంటే అందులో మందు మార్చడం వల్ల ఎంత, అత్త ఎదురుగా పడుకోవడం వల్ల ఎంత అని నేను విడదీసి చెప్పలేను. కానీ మందు ఆపాక కూడా 11 మిగిలింది. ఆ మిగిలింది వసారాది.

ఈ పని చేసే తోటివాళ్లకు నా విన్నపం ఒక్కటే. మొండి టీబీ రోగి దిగులుగా ఉంటే కుటుంబాన్ని చూసే ముందు మందుల చీటీ చూడండి. ఏ మందు ఎప్పుడు మొదలైంది, దిగులు ఎప్పుడు మొదలైంది, పక్కపక్కన రాసుకోండి.

మంగళగిరి

సైకియాట్రిస్ట్ దగ్గరకు కోడల్ని తీసుకొచ్చింది అత్తే. బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఈసారి నేనేం బోధించలేదు. మీరు ఇంతకు ముందు ఈ జబ్బున్న మనిషిని ఎవరినన్నా చూశారా అమ్మా అని అడిగాను.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు మేనమామకు వచ్చిందట. మంగళగిరి శానటోరియంలో చేర్చారు, ఇప్పుడు ఎయిమ్స్ కట్టింది ఆ స్థలంలోనే. వాళ్లమ్మ తమ్ముడి కోసం పెరుగన్నం కట్టుకుని బస్సెక్కేది, పిల్లను మాత్రం గేటు బయటే ఉంచేది. మేనమామ దూరం నుంచి చెయ్యి ఊపేవాడట. ఒకసారి వెళ్లేసరికి లేడు. ఆయన పరుపు, బట్టలు, కంచం, అన్నీ ఊరి బయట తగలబెట్టారు. "స్టీలు కంచం కాలదు కదమ్మా, నల్లగా అయి అట్టే ఉంది. అది నాకు ఇప్పటికీ కనపడుద్ది" అంది.

టీబీకి మందు లేదని ఆమె నమ్మడం కాదు. పిల్లలను గేటు బయట ఉంచాలి, కంచం వేరుగా ఉంచాలి అనేది ఆమె తల్లి నేర్పిన జాగ్రత్త. ఆ జాగ్రత్త వల్లే తను బతికిందని ఆమె నమ్మకం. ఇప్పుడు మనవరాలికి అదే చేస్తోంది. పైగా మేం కూడా వార్డులో అదే చెప్పి పంపాం.

అప్పుడు ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఈ కేసుకు గుండెకాయ లాంటిది. "వేరుగా పెట్టమన్నారు, పెట్టాం. ఎప్పటిదాకా పెట్టాలో చెప్పలేదు. నాకు మాత్రం కోడల్ని అట్టా చూడటం బాగుందా? మీరు చెప్పిందాకా తీయకూడదేమో అనుకున్నా."

మూడు నెలలుగా ఆ కంచం మా మాట కోసం ఎదురుచూస్తూ బయట ఉంది.

మద్రాసులో 1956లో మొదలై 1959లో ఫలితాలు వచ్చిన అధ్యయనం ఒకటుంది, టీబీ పని చేసే ప్రతి ఒక్కరూ చదివేది. ఇరుకు ఇళ్లలో ఉండే పేద రోగులకు కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంట్లోనే ఉంచి మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదు. శానటోరియంలు మూతపడటానికి దారి వేసింది అదే. అది మామూలు టీబీ మీద చేసింది, నిజమే, కానీ పనిచేసే మందు పడితే వ్యాప్తి త్వరగా తగ్గుతుందన్నది రెండింటికీ వర్తిస్తుంది. ఆ బెంచీ మీద ఆమెకు ఇది అధ్యయనంలా చెప్పలేదు, మద్రాసులో ఒకటే గది ఇళ్లలో ఏం చూశారో చెప్పాను. విని, "అయితే మా మామ ఇంటికాడే ఉండి ఉండొచ్చా" అంది. నా దగ్గర జవాబు లేదు. చెయ్యి పట్టుకున్నాను.

క్యాలెండర్

ఆ వారమే మళ్లీ వాళ్లింటికి వెళ్లాం. బండి సందు చివర ఆపి నడిచాం. భర్త, అత్త, ఆమె, ముగ్గురినీ కూర్చోబెట్టి, గోడ మీద తెలుగు క్యాలెండర్ దింపి, ఒక్కో విషయం తీసుకుని దాని పక్కన తేదీ రాశాం. కంచం, గ్లాసు, బట్టలు: వీటికి మొదటి రోజు నుంచే వేరు అక్కర్లేదు, మేం తప్పు చెప్పాం. నేను 'తప్పు చెప్పాం' అన్నప్పుడు అత్త మొహంలో బిగువు సడలడం చూశాను. తను తప్పు చేసిందని అనిపించుకోకుండా మార్చుకునే దారి దొరికింది ఆమెకు. పడుకోవడం, పాపను పక్కన వేసుకోవడం, మాస్కు: వీటికి మాత్రం కళ్లె కల్చర్, అంటే కళ్లెలో క్రిమి పెరుగుతుందో లేదో చూసే పరీక్ష, రెండుసార్లు వరసగా నెగెటివ్ రావాలని అనుకున్నాం. కల్చర్ ఫలితం రావడానికి ఆరు వారాల వరకు పడుతుంది. నవంబరు నడిమిలో ఇచ్చే శాంపిలుకు సంక్రాంతి లోపు, డిసెంబరుదానికి జనవరి ఆఖరుకు. ఆ రెండు చోట్లా క్యాలెండర్ మీద భర్త పెన్నుతో గుండ్రంగా చుట్టాడు. ఆ కేసులో అతను తనంతట తను చేసిన మొదటి పని అది.

ఆ రోజే కంచం లోపలికి పోయింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, అత్త గిన్నెలు సర్దుతూ దాన్ని కూడా తీసుకుపోయింది, అంతే.

పాపకు ఎక్స్‌రే, బరువు, దగ్గు అన్నీ చూశారు, ఏమీ లేదు. మొదటి కల్చర్ నెగెటివ్ అని జనవరి మొదటి వారంలో వచ్చింది. ఫోన్‌లో చెప్తే అత్త ఒప్పుకోలేదు, కాగితం కావాలంది. ఫొటో పంపితే, ఊళ్లో చదువుకున్న పిల్లాడితో చదివించుకుందట. రెండోది జనవరి 30న వచ్చింది. ఆ రాత్రి పాప తల్లి పక్కన పడుకుంది. అయితే ఐదు నెలలు దూరంగా ఉండి ఉండి పాప నానమ్మకే అలవాటు పడింది, అర్ధరాత్రి లేచి నానమ్మ కావాలని ఏడిచింది. అమ్మకు అది ఇంకో దెబ్బ. దీని గురించి మేం ముందే మాట్లాడుకుని ఉండాల్సింది. పాప పూర్తిగా దగ్గర కావడానికి రెండు నెలలు పట్టింది.

రంగు

క్లోఫాజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది. డిసెంబరు నుంచి మొహం, చేతులు ముదురు రాగి రంగులోకి తిరిగాయి. నెమ్ము అని ఎంత చెప్పుకున్నా మొహం దాచుకోలేం కదా. ఊళ్లో ఆడవాళ్లు "ఏందే ఇట్టా కమిలిపోయావ్" అని అడుగుతుంటే బయటికి రావడమే మానేసింది. చికిత్స ఆపాక రంగు తిరిగి వస్తుంది కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. ఈ మాట మందు మొదలుపెట్టే రోజే చెప్పాలి, చెప్పలేదు, ముందే చెప్తే మింగదేమో అనే భయంతో చాలా చోట్ల చెప్పరు. ఆమె నాతో అంది, "ముందే చెప్పుంటే అందరికీ మందు వల్ల అని చెప్పుకునేదాన్ని, ఇప్పుడు చెప్తే సాకు అనుకుంటారు" అని. నాకు ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

ఊరు

ఇంట్లో పని సగం వరకు సాగింది కానీ ఊళ్లో మేం సాధించింది తక్కువ.

భర్త పెదనాన్న ఒకాయన, ఇలాంటి జబ్బుంటే కోర్టు విడాకులు ఇస్తుందట అని అందరి ముందూ అన్నాడు. ఆయన విన్నది కుష్ఠు గురించి. హిందూ వివాహ చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉండేది, 2019లో దాన్ని కూడా తీసేశారు. టీబీ అందులో ఎప్పుడూ లేదు. ఈ సంగతి భర్తకు చెప్పాను, ఎవరైనా అంటే చెప్పడానికి అతనికి ఒక మాట కావాలి కాబట్టి. అతను పెదనాన్నకు చెప్పాడట, గొడవ పడకుండానే. ఆ మాట మళ్లీ రాలేదు.

2023 ఫిబ్రవరిలో ఒక చోట రోగులకు పోషకాహారం కిట్లు పంచారు. గుడ్లు, పప్పులు, నూనె, మంచి సాయమే. కానీ రోగులను వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టారు. ఈమె వెళ్లలేదు. కిట్ వద్దన్న రోగిని కొందరు పొగరు అన్నారు. ఎలాగో ఇంటికి చేర్పించాం, ఫొటో లేకుండా. సాయం చేసేవాళ్లకు రసీదు కావాలంటే సంతకం తీసుకోవచ్చు, మొహం అక్కర్లేదు. మనం వాడే మాటలు కూడా అంతే. టీబీ అనుమానం ఉన్నవాళ్లను ఇప్పటికీ 'సస్పెక్ట్' అని, మందు ఆపినవాళ్లను 'డిఫాల్టర్' అని నేరస్థుల్లా పిలిచే అలవాటు మా ఆఫీసుల్లో పోలేదు. నేను మాత్రం ఆ కేసు తర్వాత రోగి ముందు 'మొండి టీబీ' అనడం మానేశాను. మొండి అంటే మాట వినదు, పోదు అని కదా అర్థమయ్యేది. మందు మార్చాల్సిన టీబీ అంటున్నాను.

కోతలకు పోయే ముఠా సంగతి మనసుకు ఎక్కువ కష్టంగా ఉంది. పెళ్లయినప్పటి నుంచీ ఒకటే ముఠాతో మిర్చి కోతలకు వెళ్లేది. 2023 కోతలకు ఒంట్లో ఓపికే లేదు, లినెజోలిడ్ వల్ల పాదాలు మంటలు. 2024 జనవరికి బరువు 46, అరికాళ్ల మంట తగ్గింది, వెళ్తానంది, డాక్టరుగారు సరేనన్నారు. ముఠా మేస్త్రి, "ఆటోలో పదిమంది కూచోవాలి, వాళ్లు ఒప్పుకోవటం లేదు, వచ్చే ఏడు చూద్దాం" అంది. అప్పటికి ఏడాదిగా కల్చర్లన్నీ నెగెటివ్. ఆశా కార్యకర్త, నేను వెళ్లి మాట్లాడాం, కాగితాలు చూపించడానికి ఆమె ఒప్పుకుంది కూడా. అందరూ తల ఊపారు, ఆటో మాత్రం ఆమె ఇంటి ముందు ఆగలేదు. చివరికి పక్క ఊరి ముఠాలో చేరింది, అక్కడ ఎవరికీ తెలియదు. నేను దీన్ని విజయం అని రాయలేను.

ఇప్పుడు

2024 ఏప్రిల్‌లో మందులు పూర్తయ్యాయి, నయమైందని రాశారు. చివరి కొలతలో 3 వచ్చింది. అక్టోబరులో ఆరు నెలల చెకప్‌కు వచ్చినప్పుడు మొహం రంగు సగం తేటపడింది. ఆ మధ్యే, 2024 సెప్టెంబరులో కేంద్రం ఆరు నెలల కొత్త మందుల విధానానికి ఆమోదం ఇచ్చింది, బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లాక్సాసిన్ కలిపి. అందులో ఆమెను రాత్రుళ్లు పిలిచిన సైక్లోసెరిన్ లేదు, మొహం మార్చిన క్లోఫాజిమిన్ లేదు. ఈ కబురు ఆమెకు చెప్తే, "నాకు రెండేళ్ల ముందు వచ్చుంటే" అని ఆగి, "పోన్లెండి, వచ్చేవాళ్లకన్నా" అంది.

మా దగ్గర మారింది ఒక చిన్న కార్డు. డిశ్చార్జి రోజు ఇచ్చే కాగితంలో వేరుగా పడుకోండి అన్న వాక్యం పక్కన 'ఎప్పటి వరకు' అని ఖాళీ గడి పెట్టించాను, అది నింపకుండా, ఇంటివాళ్ల ముందు చదవకుండా పంపకూడదు. కంచం, గ్లాసు వేరు అక్కర్లేదని కింద పెద్ద అక్షరాల్లో ఉంది. పదిహేను నిమిషాలు ఇంకా పదిహేను నిమిషాలుగానే ఉన్నాయి, మనుషులు తక్కువ, రోగులు ఎక్కువ, అందుకే కనీసం ఆ గడి.

మొన్నామధ్య ఆమె ఫోన్ చేసింది. వాళ్ల వీధిలో ఒకాయనకు మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, ఆసుపత్రికి రమ్మంటే రాడట. "నేను మాట్లాడాను మేడమ్, కళ్లె డబ్బా తెస్తే ఇస్తానన్నాడు. నా పేరు చెప్పినా పర్లేదు. కానీ బండి మాత్రం సందు చివరే ఆపండి."